పరీక్షలయ్యేదాకా చెప్పొద్దు

కొత్తగా హాస్టల్ వార్డెన్లుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. బియ్యంలో పురుగులొస్తే ఏం చేయాలి, పిల్లలు గోడ దూకితే ఎవరికి చెప్పాలి, చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తే ముందు ఏ గది తాళం తీయాలి, ఇవీ ప్రశ్నలు. చెప్తాను. ఉద్యోగమంతా వీటితోనే గడిచింది, చెప్పకుండా ఎట్లా ఉంటాను? కానీ ఇంతవరకు ఒక్కరంటే ఒక్కరు అడగని ప్రశ్న ఒకటుంది. కన్నవాళ్లే వచ్చి, పిల్లకు అబద్ధం చెప్పమని మన చేతులు పట్టుకుంటే ఏం చేయాలి? ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. పిల్లల్ని హాస్టల్లో వేసిన తల్లిదండ్రులు కూడా వింటే మంచిది. వింటారన్న ఆశ నాకు పెద్దగా లేదు.

నేను రిటైరై మిర్యాలగూడలో ఉంటున్నాను. మోకాళ్లు పోయాయి, వాటితోపాటే ఓపికా పోయింది. ఇన్నేళ్లు ఆడపిల్లల అరుపుల మధ్య బతికినదాన్ని, ఇప్పుడు పక్కింటి కుక్కర్ విజిలేసినా చిరాకొస్తుంది. మొదటి పోస్టింగు ఈ ఊళ్లోనే. తర్వాత చాలాకాలం కోదాడ. చివరికి సూర్యాపేట బయట ఒక ఆడపిల్లల గురుకులం. మూడు చోట్లా బిల్డింగులు వేరు, పప్పుచారు మాత్రం ఒక్కటే.

మన దగ్గర ఒక ఆచారం ఉంది. దాన్ని ఎవరూ ఆచారమనరు గానీ ఆచారమే. పిల్ల హాస్టల్లో ఉంటే ఇంట్లో జరిగిన చెడు ఏదీ దాని చెవిన పడకూడదు. తాతకు పక్షవాతమొస్తే చెప్పరు. పిడుగుపడి బర్రె చస్తే చెప్పరు. పొలం అమ్మితే చెప్పరు. "పిల్ల డిస్టర్బ్ అయితది, పరీక్షలయ్యేదాంక చెప్పొద్దు" అనే మాట మిర్యాలగూడలో విన్నాను. కోదాడలో అదే మాట "డిస్టర్బ్ అవుద్దండీ" అని విన్నాను. సూర్యాపేటకొచ్చినా అదే. అసలు మన పిల్లలకు పరీక్షలు అయిపోయేదెప్పుడు? ఒకటి పోతే ఇంకొకటి నెత్తి మీద కూర్చుంటుంది. కొన్ని ఇళ్లల్లో ఆ చెప్పాల్సిన మాట చెప్పకుండానే పిల్ల పెళ్లీడుకొచ్చేస్తుంది.

నేను చెప్పబోయే పిల్ల మోతె దిక్కు ఒక పల్లె నుంచి వచ్చింది. పదో తరగతి. నోరు పెద్దది. బకెట్ల దగ్గర లొల్లి, టిఫిన్ లైన్లో లొల్లి, నా జడ రిబ్బను పోయిందంటే నా రిబ్బను పోయిందని రూములో లొల్లి. రోజుకొకసారైనా దాని పంచాయితీ నా దగ్గరికొచ్చేది. "నీ నోట్ల నోరు పెట్టేటోడు పుట్టలేదే" అని తిట్టేదాన్ని. "పుట్టిండు మేడం, మా తమ్ముడు" అనేది. అట్లాంటి పిల్ల.

తండ్రికి కొద్దిగా పొలం, సొంత ట్రాక్టరు. కిరాయికి దున్నబోతాడు. తల్లి పొద్దున లేస్తే మిరప తోటలో ఉంటుంది. పిల్లను పెంచింది నాయనమ్మ. ఆదివారం ఆదివారం పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకోవడానికి నా గదిలో వరసగా నిలబడేవాళ్లు. లైను పొడుగు, టైము తక్కువ. నేను రిజిస్టర్లు చూసుకుంటున్నట్టు కూర్చునేదాన్ని గానీ చెవులుంటాయి కదా, అన్నీ వినబడేవి. నిజం చెప్తున్నాను, తొంభై పాళ్లు ఒకే మాట. మార్కులెన్నొచ్చినయ్? లెక్కలెట్ల రాసినవ్? పక్కూరి పిల్లకు నీ కంటె ఎక్కువొచ్చినయంట గద? పిల్ల ఏదో చెప్పబోతుంది, అంతలో "సరే సదువుకో" అని పెట్టేస్తారు. పెట్టేశాక కూడా కొందరు పిల్లలు ఫోను చెవి దగ్గరే కాసేపు పట్టుకునేవాళ్లు.

ఈ పిల్ల ఫోను మాత్రం వేరుగా ఉండేది. తల్లీతండ్రీ అందరిలాగే మార్కులడిగి, తర్వాత ముసలమ్మకిచ్చేవాళ్లు. ఆమె ఫోనును నమ్మేది కాదు. మోతె నుంచి సూర్యాపేటకు తన గొంతే రావాలన్నట్టు అరిచేది. అంత దూరంలో కూర్చున్న నాకూ వినబడేది.

"ఓ బిడ్డా! ఆ పొట్టి కోడి మల్ల గుడ్లు పక్కింటోళ్ల గడ్డివాముల పెడుతుందే! దాని సంగతి జెప్త!"

"నన్నడుగు నాయనమ్మా, ఎట్లున్ననో."

"ఎట్లున్నవే?"

"బాగలేను. ఆ లెక్కల సార్ నన్ను నిలబెట్టిండు."

"వాని పాడుగాను! కాళ్లు గుంజినయా?"

అంతే. చదువు మాట లేదు, ర్యాంకు మాట లేదు. కాళ్లు గుంజాయా అని అడిగే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పిల్ల నవ్వుకుంటూ పోయేది, ఆ వారం దాని నోరు ఇంకాస్త లేచేది. నాకు తలనొప్పి, దానికి బలం.

పరీక్షలకు ఇంకా నెలన్నర ఉందనగా ఒకరోజు పొద్దున్నే తండ్రి నాకు ఫోన్ చేశాడు. "మేడం, మా అమ్మ పోయింది" అన్నాడు. గుండె ఆగిందట. "అయ్యో తండ్రీ! పిల్లను తయారు చేస్త, వచ్చి తీస్కపో" అన్నాను.

"వద్దు వద్దు మేడం! మీకు దండం పెడ్త. పిల్లకు జెప్పకుర్రి. పదోతరగతి. ఇప్పుడు తెలిస్తే ఆగమైతది. పరీక్షలయినంక మేమే నెమ్మదిగ జెప్తం."

"కడసారి సూపు లేకుంటె ఎట్లయ్యా? దాన్ని పెంచింది ఆమెనే గద."

"మా అమ్మ బతికుంటె ఆమె గూడ గదే అంటది మేడం. పిల్ల సదువు జూడమంటది."

చనిపోయినవాళ్లు ఏమంటారో మనకు బాగా తెలుస్తుంది. బతికున్నప్పుడు అడగం.

ప్రిన్సిపల్ మేడం దగ్గరికి పోయాను. ఆమెది కోదాడ. మంచి మనిషి, పని రాక్షసి. ఆ ఏడు బడికి మంచి రిజల్టు తేవాలని తిండీ నిద్రా లేకుండా తిరుగుతోంది. ఈ పిల్ల మీద ఆమెకు గట్టి ఆశ ఉంది.

"చెప్పకండి వార్డెన్ గారూ. ఇంకెంతండీ, నెలన్నర. కళ్లు మూసుకుంటే గడిచిపోద్ది" అంది. నేను ఇంకేదో అనబోతే, "నాకూ అంతే చేశారండీ. మా నాన్న పోయిన సంగతి డిగ్రీ పరీక్షలయ్యాకే చెప్పారు. ఏం, నేను బాగానే ఉన్నానుగా?" అంది.

బాగుందో లేదో నేనేం చెప్తాను? సొరుగులో ఎప్పుడూ తలనొప్పి గోళీలుండేవి. గొంతు పెంచకుండా ఒక్క రోజు గడిచేది కాదు. అయినా ఆమె ప్రిన్సిపల్, వాళ్లు కన్నవాళ్లు. నడుమ వార్డెన్ మాటకు విలువెంత? వచ్చి నా గదిలో కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల టిఫిన్ లైన్లో ఎవరితోనో కొట్లాడుతోంది. అక్కడ వాళ్ల పల్లెలో పాడె కడుతున్నారు.

తర్వాతి ఆదివారం ఫోను రోజు. నేను బయటికి పోదామనుకున్నాను గానీ లైను వదిలి పోలేను. తల్లి గొంతు బాగానే పెట్టుకుంది. తిన్నవా బిడ్డా, మంచిగుంటున్నవా బిడ్డా అని ఎన్నడూ లేనంత ప్రేమ.

"నాయనమ్మకియ్యే" అంది పిల్ల.

"పండుకుంది బిడ్డా."

"పొద్దుగాల పది గంటలకా?"

"మందులేసుకుంది. మత్తుగుంది."

ఆ తర్వాతి వారం "బావి కాడికి పోయింది." ఇంకో వారం "మీ మేనత్త వాళ్లింటికి పోయింది." ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు. ఆ ఇల్లాలు ఫోను పెట్టేశాక ఎంత ఏడ్చేదో నేను ఊహించుకోగలను. నా ఎదురుగా పిల్ల మాత్రం "సరే, లేచినంక నేనడిగిన్నని జెప్పు" అని ఫోను నా చేతికిచ్చి పోయేది.

నెలకో ఆదివారం తల్లిదండ్రులు వచ్చి చూసిపోవచ్చు. ఆ రోజు హాస్టల్ ముందు జాతరే. సద్దులు, టిఫిన్ డబ్బాలు, చెట్ల కింద చాపలు. తండ్రి ఒక్కడే వచ్చాడు. తల మీద తువ్వాల చుట్టుకున్నాడు. మార్చి రానేలేదు, అంత ఎండేం లేదు. పిల్ల ఆ తువ్వాల లాగింది. నున్నటి గుండు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దినాలకు తీయించుకున్న గుండు అది. తండ్రి ముందే తయారై వచ్చాడు పాపం.

"తిరుపతి పోయొచ్చిన బిడ్డా. నీ పరీక్షల కోసం మొక్కిన" అని సంచిలోంచి లడ్లు తీశాడు. పిల్లకు, పిల్ల స్నేహితులకు, ఆఖరికి నాకూ ఒకటి పెట్టాడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను. వేసుకోగానే తెలిసిపోయింది, అది కొండ మీది లడ్డు కాదు, మన బస్టాండు దగ్గర మిఠాయి కొట్లోది. ఏ ఊరి ప్రసాదానికి ఆ ఊరి రుచి ఉంటుంది, అది దొంగ సాక్ష్యం చెప్పదు. నేను తండ్రి మొహం చూశాను. అతను నేల చూశాడు. పిల్ల లడ్డు మొత్తం తిన్నది, చేతులు కడుక్కుంది, "మంచిగుంది నాయినా" అంది.

ఆ తర్వాత పిల్ల మారిపోయింది. మారిందంటే చదువు మానేసిందనుకునేరు. లేదు, విపరీతంగా చదవడం మొదలుపెట్టింది. తెల్లారకముందే లేచి కూర్చునేది. పక్క తనే మడిచేది, పక్కదాని పక్క కూడా మడిచేది. బకెట్ల దగ్గర పంచాయితీ బందు. ఎవరేమన్నా "సరే తీస్కో" అనేది. ప్రీఫైనల్లో దానికే ఫస్టు మార్కులు. ప్రిన్సిపల్ మేడం నన్ను పిలిచి, "చూశారా వార్డెన్ గారూ? చెప్పుంటే ఇదంతా అయ్యేదా?" అంది. తండ్రికి ఫోన్ చేసి చెప్తే అతనూ పొంగిపోయాడు. అందరూ సంతోషమే.

నాకు మాత్రం లోపల ఏదో గుబులు. పిల్లలు అల్లరి చేస్తే భయపడక్కర్లేదు, వాళ్లలో ఇంకా మనమీద కోపం, ఆశ ఉన్నాయని అర్థం. అల్లరి పిల్ల రాత్రికి రాత్రి బుద్ధిమంతురాలైతే భయపడాలి. ఈ మాట ఎంతమందికి చెప్పానో! టీచర్ల రూములో చెప్తే నవ్వారు. "మేడంకు పిల్లలు సదివినా కష్టమే, సదవకున్నా కష్టమే" అన్నారు.

అదే రోజుల్లో నాకు ఇంకో తలనొప్పి పట్టుకుంది. నీళ్లు. ఎండాకాలం మొదలైతే మా బోరు సగం చస్తుంది. ట్యాంకు నింపుకున్నామంటే పొద్దున్నదాకా రావాలి. కానీ రోజూ సాయంత్రం ఆటల టైమయ్యేసరికి ట్యాంకు ఖాళీ. పిల్లలు మొహాలు కడుక్కోను నీళ్లు లేవని నా మీద పడేవాళ్లు. ఎవతో నల్లా తిప్పి వదిలేస్తోందని నాకర్థమైంది. దాన్ని పట్టుకుని నాలుగు వాయించాలని ఒక సాయంత్రం పిల్లలంతా గ్రౌండుకు పోయాక బాత్రూముల వైపు పోయాను.

చివరి బాత్రూములో నల్లా జోరుగా పోతోంది. తలుపు వేసి ఉంది. "ఎవలే లోపల? నీళ్లు మీ అయ్య మోసుకొచ్చిండా?" అని తలుపు మీద కొట్టాను. నల్లా ఆగింది. ఆగేసరికి ఆ నీళ్ల చప్పుడు కింద దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చే ఏడుపు. వెంటనే ఆపలేని ఏడుపు.

తలుపు తీసింది. అదే పిల్ల. మొహం కడుక్కుంది, చున్నీ కొస తడిసి నమిలినట్టు ఉంది.

"జలుబయింది మేడం" అంది.

నాలుగు వాయిద్దామని లేపిన చెయ్యి ఏం చేయాలో నాకు తెలియలేదు. భుజం మీద వేశాను. అంతే, పిల్ల అక్కడే తడి గచ్చు మీద కూలబడింది. నేనూ నా మోకాళ్లను తిట్టుకుంటూ పక్కన కూర్చున్నాను.

"మా నాయనమ్మ లేదు గద మేడం?" అంది.

లేదనలేను, ఉందనలేను. ఊరికే వీపు నిమిరాను. దానికి అది చాలు.

"ఎట్ల తెలిసిందే?"

"మా నాయిన మీసం గూడ తీయించుకున్నడు. ఇంతకుముందు తిరుపతి పోతె గుండే చేయించుకున్నడు గని మీసం ముట్టనియ్యలే. మీసమంటె పానం మా నాయినకు. నాయనమ్మకు లడ్డు పక్కకు పెట్టినవా అంటె మాట మార్చిండు."

"మరి అప్పుడే అడగకపోయినవా, పిచ్చిదానా?"

"పాపం నాయిన, నా కోసమే గద అబద్ధమాడుతుండు. నాకు తెలిసిందంటె ఇంకింత బాధపడ్తడు."

నాకు ఒక్కసారిగా ఆదివారాలు గుర్తొచ్చాయి. లడ్డు తిన్న తర్వాత కూడా ఈ పిల్ల ప్రతి ఆదివారం ఫోనులో నాయనమ్మకియ్యమని అడుగుతూనే ఉంది. తెలిసి కూడా ఎందుకడిగావే అన్నాను.

"అడుగుడు బంద్ జేస్తె మా అమ్మకు అనుమానమొస్తది గద మేడం."

ఇంత వయసొచ్చి, ఇంతమంది పిల్లల్ని సాకి, నేను ఆ బాత్రూము గచ్చు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ ఇంట్లో వాళ్లు పిల్లను కాపాడుతున్నామనుకుంటున్నారు. ఇక్కడ పదిహేనేళ్ల పిల్ల అమ్మానాన్నల్ని కాపాడుతోంది. ఎవరి దుఃఖం వాళ్లు నల్లా కింద పెట్టుకుని, ఆదివారం ఫోనులో ఒకరికొకరు నాటకాలు. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "మేడం, మా అమ్మోళ్లకు చెప్పకుర్రి. పరేషాన్ అయితరు. పరీక్షలయినంక ఎట్లాగు వాళ్లే జెప్తరు గద. అప్పుడు ఏడుస్త."

అప్పుడు ఏడుస్తుందట! ఏడుపుకు కూడా టైంటేబులు వేసుకుంది.

అటు వాళ్లు పిల్లకు చెప్పొద్దన్నారు, ఇటు పిల్ల వాళ్లకు చెప్పొద్దంటుంది. మాట తప్పితే రెండు దిక్కులా నేనే చెడ్డదాన్ని. వారం తిరిగితే పరీక్షలు. ఇంట్లో చెప్తే వాళ్లొచ్చి ఏడుస్తారు, పిల్ల పరీక్ష హాల్లో కూలబడొచ్చు. చెప్పకపోతే పరీక్ష రాస్తుంది, కానీ ఇంట్లో వాళ్ల ముందు ఏడవకూడదనే పాఠం దానికి జన్మంతా ఉండిపోతుంది. ఆ సాయంత్రం నేను చాలాసేపేం ఆలోచించలేదు. పెద్ద ధైర్యమూ కాదు. అలిసిపోయాను, అంతే. అబద్ధం మోయడానికి కూడా బలం కావాలి. గదికొచ్చి తల్లికి ఫోన్ చేశాను. తండ్రే ఎత్తాడు.

"పిల్లకు తెలుసయ్యా" అన్నాను.

అవతల కొంచెంసేపు ట్రాక్టరు చప్పుడే వినబడింది. తర్వాత ఇంతెత్తున లేచాడు. "మీకు దండం పెట్టి జెప్పిన గద మేడం! ఎందుకు జెప్పిండ్రు? వారమైతె పరీక్షలు! నా బిడ్డ బతుకు ఖరాబు జేసిండ్రు!"

"నేను జెప్పలే. నీ మీసం జెప్పింది."

ట్రాక్టరు ఆగిపోయింది.

పిల్ల ఆదివారాల్లో ఎందుకు అడిగిందో కూడా చెప్పాను. ఫోను భార్య చేతికిచ్చాడు. ఆమె ఒకే మాట అడిగింది. "ఒక్కతే ఏడుస్తుందా మేడం ఇన్నొద్దులు?" అని. అవునన్నాను. "పొద్దున్నే ఒస్తున్నం" అంది.

పొద్దున్నే వచ్చారు, బండి మీద, చీకట్లు ఇంకా విడవలేదు. గేటు దగ్గర ప్రిన్సిపల్ మేడం ఆపింది. విజిటింగ్ డే కాదు, పరీక్షల ముందు బయటివాళ్లను రానివ్వొద్దని తనే రూలు పెట్టింది. "ఏంటండీ వార్డెన్ గారూ ఇది? ఇంత దగ్గరకొచ్చాక ఇప్పుడా? టాప్ వచ్చే పిల్లండీ!" అంది. నా మీద అరిచింది కూడా. తల్లి గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. సాధారణంగా నేను పై అధికారికి ఎదురు చెప్పే మనిషిని కాను. ఆ పూట నోరు ఆగలేదు.

"మేడం, ఏమనుకోకుర్రి. ఒక్క మాట అడుగుత. పరీక్షలైనంక ఇంటికి పోయినరు గద మీరు. అప్పుడు మీ నాయిన కోసం ఏడ్చిండ్రా?"

ఆమె నావైపు చూసింది. కొడుతుందేమో అనుకున్నాను.

"ఎవరితో ఏడవమంటారండీ?" అంది. "నేను వెళ్లేసరికి అందరి ఏడుపులూ అయిపోయాయి. గోడకు ఫొటో ఉంది. వాళ్లు పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నారు. నేనేడిస్తే ఇప్పుడెందుకమ్మా అన్నారు." గేటు తనే తీసింది. "సిక్ రూములో కూర్చోబెట్టండి. స్టడీ అవర్ నేను చూసుకుంటా" అని ఆఫీసులోకి పోయింది. ఆ రోజంతా ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, ఆ పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయి మేడం అని. మొన్న ఒక తండ్రీ అడిగాడు. నేను చెప్పను. మీరూ అడగకండి. ఎక్కువొచ్చాయంటే చెప్పడమే మంచిదంటారు, తక్కువొచ్చాయంటే చెప్పకపోవాల్సిందంటారు. పరీక్ష రాసింది, పాసైంది, ఇప్పుడు బాగుంది. ఇంకేం కావాలి?

సిక్ రూములో రెండు ఇనుప మంచాలు, ఒక ఫ్యాను, గోడకు శరీర భాగాల బొమ్మ. పిల్లను తీసుకొచ్చాను. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నా వైపు కోపంగా చూసింది, మాట తప్పావన్నట్టు. తల్లి మంచం మీది నుంచి లేవలేదు, చేతులు మాత్రం చాపింది. పిల్ల పోయి పక్కన కూర్చుంది. ముందు పిల్లే మొదలుపెట్టింది.

"ఏడ్వకమ్మా, నేను మంచిగనే ఉన్న."

"నువ్వు మంచిగ లేవు బిడ్డా" అంది తల్లి. "నేను గూడ మంచిగ లేను."

ఆ మాటతో పిల్ల బిగపట్టిందంతా సడలింది. ఏమైందమ్మా, మొదటికెళ్లి చెప్పు అంది. తల్లి చెప్పింది. ఆ రోజు ముసలమ్మ పొద్దున లేచి వాకిలూడ్చిందట, కోళ్లను వదిలిందట, అరుగు మీద చాయ్ తాగుతూ కూర్చుందట. పిల్ల ఒక్కొక్కటే అడిగింది. ఏ చీర కట్టుకుంది? కాళ్లు నొస్తున్నయన్నదా? ఎవరెవరొచ్చారు? తమ్ముడు భయపడ్డాడా? పెద్దవాళ్లు భయంకరమనుకుని దాచిన ప్రతి సంగతీ ఆ పిల్లకు కావాలి. అన్నం తిన్నట్టు తింటోంది వాటిని.

"నన్నడిగిందా?" అంది చివరికి.

తల్లి నా వైపు చూసింది. నీ పేరే తలచుకుంటూ పోయింది బిడ్డా అనడం ఎంత తేలిక! నోటి దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. ఇంకొక్క అబద్ధం, అదీ తియ్యటిది. తల్లి పిల్ల వైపు తిరిగింది.

"లేదు బిడ్డా. ఏం అనలే. చాయ్ గ్లాసు చేతులనే ఉంది. మేం జూసెటాల్లకు అయిపోయింది."

అప్పుడు లేచింది ఆ పిల్ల ఏడుపు. మన పల్లెల్లో ఆడవాళ్లు సావు దగ్గర రాగం తీసి, పోయినవాళ్ల సంగతులన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు చూడండి, అట్లా. ఓ నాయనమ్మా, నీ పొట్టి కోడినెవరు సూస్తరే, నా కాళ్లు గుంజితె ఎవరడుగుతరే అని. తల్లి దాని మెడ చుట్టూ చేతులేసి తనూ అందుకుంది. స్టడీ అవర్లో కూర్చున్న పిల్లలందరికీ వినబడింది. వచ్చి ఆపుతారేమోనని నేను గుమ్మానికడ్డంగా నిలబడ్డాను. ఒక్కరూ రాలేదు. కొందరు పుస్తకాల మీద తల పెట్టుకుని ఏడ్చారని తర్వాత తెలిసింది. ఎవరి ఇంటి సంగతులు ఎవరికి గుర్తొచ్చాయో.

తండ్రి లోపలికి రాలేదు. వరండాలో స్తంభానికానుకుని నిలబడ్డాడు. తల మీద అప్పటికి వెంట్రుకలు గరుగ్గా మొలిచాయి, మీసం కూడా కొంచెం వచ్చింది. తువ్వాల నోటికడ్డం పెట్టుకుని గ్రౌండు వైపు చూస్తున్నాడు. లోపలికి పోవయ్యా అన్నాను. పోలేదు. నాకు మళ్లీ కోపమొచ్చింది. ఇంకా పరీక్షల గురించే ఆలోచిస్తున్నాడేమో అనుకున్నాను.

"ఇంకేంది నీ పరేషాన్?" అన్నాను. "బిడ్డ ఏడుస్తుంది. రాయదేమో అనా?"

తల అడ్డంగా ఊపాడు.

"గది గాదు మేడం. మా అమ్మ పోయిన్నాటి నుంచి నేను ఏడ్వలే. ఏడిస్తె గొంతు బొంగురుపోతది, ఫోన్ల పిల్లకు తెలుస్తదని ఆపుకున్న. దినాలప్పుడు గూడ ఆపుకున్న. ఇప్పుడు ఏడుద్దమంటె వస్తలేదు."

లోపల ఏడుపు ఆగింది. పిల్ల విన్నట్టుంది. లేచి వరండాలోకి వచ్చింది, వాచిన కళ్లతో తండ్రి ముందు నిలబడింది. అతను మొహం తిప్పుకోబోతే నోటికడ్డం ఉన్న తువ్వాల తీసేసి, రెండు చేతులతో అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఏడువు నాయినా" అంది. "ఏం గాదు, నేనున్న గద."

ఆ మనిషి అక్కడే కూలబడి, అమ్మా అని ఏడ్చాడు.